పెద్దమనిషి బిగబట్టిన కేసు

"అక్కా, ఇరవై ఏళ్లుగా నా కళ్లముందు నుంచి పోయేవన్నీ ప్రూఫులే. ప్రూఫుల విషయంలో నాకు సాటి వచ్చేవాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా అచ్చుతప్పే అయ్యుంటాడు," అంటూ తమ్ముడు భూతద్దంతో సహా లోపలికొచ్చాడు.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం అతని ఉద్యోగం. డిటెక్టివునని చెప్పుకోవడం అతని జబ్బు.

కుట్టుమిషను ముందు కూర్చున్న అక్క తలెత్తలేదు. "నిన్ను పిలిచింది కుక్కని మోయడానికిరా," అంది.

ఆ కుక్క పేరు పెద్దమనిషి. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఇల్లు పాడుచేయలేదు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు నడుం పడిపోయింది. మెట్లు ఎక్కించొద్దు, దించొద్దు అన్నాడు డాక్టరు. ఇల్లేమో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అందుకని ఆవిడ బాల్కనీలో ఓ వెడల్పాటి ట్రే పెట్టి, అందులో గులకరాళ్లు పోసి, పైన నర్సరీ నుంచి తెచ్చిన పచ్చగడ్డి పరిచింది. నీళ్లు పోవడానికి గొట్టం కూడా బిగించింది. గంటకోసారి ఫినాయిలుతో కడిగింది.

పెద్దమనిషి మాత్రం గడప ఇవతలే పడుకుని, ఆ గడ్డిని ఎదురింటివాళ్ల కొత్త తివాచీని చూసినట్టు మర్యాదగా చూస్తున్నాడు. నిన్న పొద్దుటినుంచి చుక్క వదల్లేదు. ఇవాళ సాయంత్రం దాకా చూసి, అప్పటికీ పోయకపోతే ఆసుపత్రికి తెమ్మన్నాడు డాక్టరు. గొట్టం వేసి మూత్రం తీయాలట. మెట్ల మీద మోసుకెళ్తే ఆ నడుం ఏమవుతుందో ఆవిడ ఆలోచించదలచుకోలేదు. సూదిలో దారం ఎక్కించడం ఇది నాలుగోసారి.

తమ్ముడు గడ్డి మీదికి వంగాడు. "పచ్చగడ్డి ముసుగులో పచ్చి కుట్ర! ఈ మూగజీవి ఇక్కడ ఏదో ఘోరం చూసింది. భయంతో బిగుసుకుపోయింది."

"బిగుసుకుపోలేదు. బిగబట్టుకుంది."

"నీకు తెలిసింది కుట్టు. కుట్ర సంగతి నాకొదిలెయ్."

బయటికెళ్లి పక్కవాటా తలుపు కొట్టాడు. పక్కింటావిడ తీసింది.

"నిన్న పొద్దున పదింటికి మీరెక్కడున్నారు?"

"ఇంట్లోనే."

"సాక్షి ఎవరు?"

"మా ఆయన. ముందు నా చెప్పుల మీంచి దిగు నాయనా."

అనుమానితురాలు తడబడలేదని, అదే అనుమానాస్పదమని నోటుపుస్తకంలో రాసుకుని, అతను మెట్లు దిగి వీధిలోకి పోయాడు.

అరగంట తర్వాత రొప్పుతూ వచ్చాడు. చేతిరుమాలులో చుట్టిన ఇటుక ఒకటి రెండు చేతులతో పట్టుకున్నాడు. "సందు మలుపులో గోడ కింద దొరికింది. ఊడిపోయి ఉంది. చూడు, ఎలా గుల్లైపోయిందో! ఎవరో ఏళ్ల తరబడి ఇదే ఇటుక మీద యాసిడ్ పోస్తున్నారు." కళ్లు మూసుకుని గట్టిగా వాసన పీల్చాడు. "ఘాటు! ప్రాణాంతకం!"

అక్క మిషను ఆపింది. ఆ మలుపు, ఆ గోడ ఆవిడకి బాగా తెలుసు. తొమ్మిదేళ్లపాటు రోజుకి రెండుసార్లు గొలుసు పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఒరేయ్, అది యాసిడ్ కాదురా, అది..."

ఫోను మోగింది. ఆసుపత్రి కాంపౌండరు. "వస్తున్నారామ్మా? గొట్టం సిద్ధం చేయమంటారా?"

ఆవిడ జవాబు చెప్పేలోపు తమ్ముడు, మరకలు పోల్చి చూడాలంటూ ఇటుకను గడ్డి నడిమధ్యన పెట్టాడు.

పెద్దమనిషి ముక్కు కదిలింది. ముందుకాళ్లు లేచాయి. వెనకకాళ్లు రెండుసార్లు జారి, మూడోసారి నిలబడ్డాయి. గడప దాటాడు. ఇటుకను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, పాత ఉత్తరం చదువుకున్నట్టు వాసన చూశాడు. కాలెత్తే సత్తువ లేదు. నిలుచున్నచోటే నిలుచుని, కళ్లు అరమోడ్చాడు.

ఆ ధార ఆగేసరికి కాంపౌండరు నాలుగుసార్లు హలో అన్నాడు.

"గొట్టం వద్దు బాబూ," అంది ఆవిడ. "ఇక్కడ... కేసు తేలిపోయింది."

"సాక్ష్యం నాశనం!" అని అరిచాడు తమ్ముడు. "నా కళ్లముందే! అంటే, అక్కా, యాసిడ్ పోస్తున్నది..."

"వీడే."

"నేను మొదటినుంచీ అనుమానిస్తూనే ఉన్నాను," అన్నాడతను నిబ్బరంగా, నోటుపుస్తకం తెరుస్తూ.

ఆవిడ ఫినాయిలు సీసా తీసి అటకెక్కించింది. గడ్డి పక్కన చతికిలబడి పెద్దమనిషి చెవులు నిమిరింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు.

"నిజమేరా. నువ్వు లేకపోతే ఈ కేసు తేలేది కాదు," అంది. "ఇంక వెళ్లి చేతులు కడుక్కో. ముక్కు కూడా."