నత్తబాబు పైచదువు, నా స్నానాలగది

అత్తగారు లేని అల్లుడు అదృష్టవంతుడని మీరంతా నన్ను చూసి కుళ్ళుకుంటారు. నిజమే, నాకు అత్తగారు లేరు. నత్తలున్నాయి.

ఎక్కడంటారా? మా ఇంట్లో ఉన్న రెండు స్నానాలగదుల్లో రెండోదాంట్లో. గోడవారగా గాజుపెట్టెలు, వాటిలో తడిమట్టి, మట్టి మీద ఆకులు, ఆకుల మీద నత్తలు. అవన్నీ మా బావమరిది పరివారం. పగిలిన గుల్లను నత్త తనంతట తాను ఎలా అతికించుకుంటుందో తెలుసుకోవాలని అతని తపన. వీధిలో ఎవరి చెప్పుకింద ఏ నత్త నలిగినా అరచేతిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేస్తాడు. అందుకే అతనికి నత్తబాబని పేరు పెట్టాను. అతనికి కోపం రాలేదు. నత్తలకొచ్చిందేమో తెలియదు.

మా ఆవిడ తల్లీతండ్రీ ముందే పోయారు. తమ్ముణ్ణి తనే పెంచింది. పెళ్ళయిన మర్నాడు ఓ చేత్తో సూట్‌కేసు, ఇంకో చేత్తో తమ్ముణ్ణి పట్టుకుని మా ఇంట్లో అడుగుపెట్టింది. సూట్‌కేసు పాతబడి పోయింది. తమ్ముడున్నాడు.

ఎమ్మెస్సీ ఎప్పుడో పూర్తిచేసి, ఓ కాలేజీ ప్రయోగశాలలో గాజుసామాను కడిగి సర్దే ఉద్యోగంలో చేరాడు. అక్కడే ఉండిపోయాడు. పరిశోధనకు వెళ్ళవేమోయ్ అని అడిగితే "చూద్దాం బావా" అంటాడు. ఆ చూడ్డం ఎప్పటికీ పూర్తికాదు. ఒకసారెవరో ఇంటర్వ్యూకి పిలిస్తే వెళ్ళి, నలుగురు పెద్దమనుషుల ముందు నోరు పెగలక, నమస్కారం పెట్టి వచ్చేశాడట. ఆ తర్వాత మళ్ళీ ఎక్కడికీ దరఖాస్తు పెట్టలేదు.

మా ఆవిడ పళ్ళసెట్లు తయారుచేస్తుంది. మా వీధిలో సగంమంది నవ్వు ఆవిడ చేతి చలవే. పళ్ళు పెట్టే చేతికి రాలగొట్టడం ఓ లెక్కా అని నేను సాధారణంగా ఎదురు చెప్పను.

నేనేమో బట్టలుతికే యంత్రాల కంపెనీలో, యంత్రంతోపాటు ఇచ్చే 'వాడే విధానం' పుస్తకాలు రాస్తాను. ఇంటింటికీ చేరే రచనలు నావే. ఏ ఇంట్లోనూ ఎవరూ చదవని రచనలూ నావే.

ఓ రోజు పొద్దున్న స్నానాలగది తలుపు ముందు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాను. లోపల మా ఆవిడ.

"ఇంకెంతసేపే? ఆఫీసు టైమవుతోంది."

"రెండోదాంట్లోకి వెళ్ళండి."

"అందులో నత్తలున్నాయిగా!"

"అవి మిమ్మల్ని చూసి సిగ్గుపడవులెండి."

"పెట్టెలు వేరే ఎక్కడైనా పెట్టుకోమని మీ తమ్ముడికి చెప్పొచ్చుగా?"

"తీగకు కాయ బరువా?" అంది లోపలినుంచి.

"కాయ కాదే, నా బాధ గుల్లల గురించి."

జవాబుగా నీళ్ళచప్పుడు పెద్దదైంది. ఆ క్షణంలోనే నాకు దివ్యమైన ఆలోచన తట్టింది. నత్తబాబుని వెళ్ళిపొమ్మంటే నేను దుర్మార్గుణ్ణి. అదే విదేశానికి పైచదువుకి పంపిస్తే? మహానుభావుణ్ణి! గది ఎలాగూ ఖాళీ.

మా ఆఫీసులో పక్కసీటాయన్ని సలహాలరావు అంటాం. వాళ్ళమ్మాయి ఫెలోషిప్పు మీదే బయటికెళ్ళి చదువుతోంది. ఆయన్ని పట్టుకున్నాను.

"ఫెలోషిప్పు వెతకడమంటే సంబంధం వెతకడం లాంటిదోయ్," అన్నాడు. "ఒకరు ఫీజులు మాత్రమే ఇస్తారు. ఇంకొకరు ప్రయాణఖర్చులు ఇచ్చి, తిండి నీదే అంటారు. అన్నీ ఇచ్చేవాళ్ళకి లోకంలో ఉన్న సుగుణాలన్నీ నీలోనే కావాలి. వయసు ముప్పై దాటితే చాలామంది తలుపేసేస్తారు."

నత్తబాబుకి ముప్పై గుమ్మందాకా వచ్చేసింది. తలుపేసేస్తే జీవితాంతం నేను తువ్వాలుతో గుమ్మంలోనే!

"మరి ఏం చెయ్యాలి?"

"ముందు డబ్బిచ్చేవాళ్ళని కాదు, మనిషిని వెతుకు. మీవాడి పని మీద ఇష్టమున్న ప్రొఫెసరు ఎక్కడున్నారో కనుక్కో. వాళ్ళకి నచ్చితే ఏ తలుపు తట్టాలో వాళ్ళే చెబుతారు."

ఇక వెతకడం మొదలెట్టాను. ఎన్ని రకాలని! ఒకటి నాచుమొక్కల మీద పనిచేసేవాళ్ళకే. ఒకటి ఫలానా ఇంటిపేరున్నవాళ్ళకే. ఇంటిపేరు మార్చుకుంటావా అని బావమరిదిని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే గుట్టు రట్టవుతుందని మింగేశాను.

చివరికి గుల్లల మీద పనిచేసే ప్రొఫెసర్లందర్నీ పట్టి, నత్తబాబు పేరుతో నేనే ఉత్తరం రాశాను. చెయ్యి తిరిగిన రచయితనాయె! కలం ఎటు తిరగాలో అటే తిరిగింది. "ఈ విద్యార్థి తక్కువ ఖర్చుతో ఎక్కువకాలం పనిచేయును. శబ్దము చేయడు. ఎటువంటి వాతావరణమునకైనా అనుకూలము. సందేహములున్నచో పై చిరునామాకు రాయగలరు."

అందరూ మర్యాదగా కుదరదన్నారు. ఒక్కావిడ మాత్రం మూడు ప్రశ్నలు పంపింది. గుల్ల కొత్తపొర లోపలినుంచి వస్తుందా, బయటినుంచా? అతికినచోట పాత రంగు, చారలు తిరిగి వస్తాయా? దెబ్బతిన్న నత్తకి ఏం తినిపిస్తున్నావు?

నాకేం తెలుసు? నత్త ముందుకి పోతుందో వెనక్కి పోతుందో కూడా నేనెప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం రెండో స్నానాలగదిలోకి వెళ్ళి, తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాను. నత్తబాబు నన్ను దయ్యాన్ని చూసినట్టు చూశాడు.

"ఏమోయ్, ఈ కొత్తపొర ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"బావా, మీరేనా అడుగుతున్నది?"

అంతే, కట్ట తెగింది. లోపలినుంచే వస్తుందట. తెల్లగా, పలచగా, మొదట్లో కాగితంలా ఉంటుందట. చారలు రావు. అది గాయం మానిన మచ్చలాంటిది. గుడ్డుపెంకుల పొడి దోసకాయముక్క మీద చల్లి పెడితే తొందరగా గట్టిపడుతుందట. ఒక్కొక్క నత్తనీ తీసి, ఇది సైకిలు కింద పడింది, ఇది తలుపుసందులో నలిగింది అని కథలు చెప్పాడు. నలుగురి ముందు నోరు పెగలనివాడు గలగలా మాట్లాడుతుంటే, ఇన్నేళ్ళు ఒకే కప్పుకింద ఉండి ఈ గొంతు నేను విననేలేదే అనిపించింది. ఆ ఆలోచన ఇబ్బందిగా ఉంది. గది గుర్తుచేసుకుని దాన్ని పక్కకి నెట్టాను.

మర్నాడూ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. ప్రొఫెసరు అడగనివి కూడా అడగసాగాను.

మా ఆవిడ గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏమిటి, కట్టుకున్నదాంతో మాట్లాడ్డానికి తీరికలేదుగానీ నత్తలతో ముచ్చట్లా?"

"అవి మధ్యలో అడ్డురావే."

"గుల్ల చూపిస్తే మీరు ఇంతసేపు కూర్చుంటారని తెలిస్తే నేనూ ఒకటి తగిలించుకునేదాన్ని."

జవాబులు పంపాను. ప్రొఫెసరు మేడం సంతోషించి, ఆదివారం వీడియోలో ముఖాముఖీ మాట్లాడదామంది. నత్తబాబుకి చెబితే ఆదివారం దాకా జ్వరం తెచ్చుకుంటాడు. చెప్పకపోతే మాట్లాడేదెవరు? నేనే!

ఆదివారం అక్కాతమ్ముళ్ళిద్దర్నీ బజారుకి పంపేసి, జుట్టుకి రంగేసి, మీసం తీసేసి, నత్తబాబు చొక్కా తొడుక్కున్నాను. అతను సన్నం, నేను లావు. రెండు గుండీలు నాతో సహకరించలేదు.

తెరమీద నెరిసిన జుట్టుతో ఓ పెద్దావిడ కనబడింది. నన్ను చూసి కాస్త ముందుకి వంగి, కళ్ళజోడు సర్దుకుంది.

"వయసు ముప్పై లోపేనా?" అంది ఇంగ్లీషులో.

"నత్తల మీద దిగులండీ, ముఖం అలా అయిపోయింది," అన్నాను.

"మీ నత్తల్ని చూపిస్తారా?"

ల్యాప్‌టాప్ ఒక చేత్తో పట్టుకుని స్నానాలగదిలోకి నడిచాను. రెండో చేత్తో మూత తీయబోయాను. పెట్టె కదలకుండా పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదని అప్పుడు గుర్తొచ్చింది. కాలు జారింది, మోచెయ్యి తగిలింది, పెట్టె భళ్ళున కిందపడింది. మట్టి, గాజుపెంకులు, ఆకులు, నత్తలు. పెట్టుకున్న గుండీల్లో ఒకటి ఊడి ఎటో దొర్లిపోయింది.

సరిగ్గా అప్పుడే వీధితలుపు తెరుచుకుంది.

నత్తబాబు పరిగెత్తుకొచ్చాడు. నాకు మీసం లేదని చూడలేదు, తన చొక్కా చూడలేదు, నన్నే చూడలేదు. గాజుపెంకుల మధ్య మోకాళ్ళమీద కూర్చుని ఓ నత్తని చేతిలోకి తీసుకున్నాడు. గుల్ల రెండుచోట్ల చిట్లింది. జేబులోంచి చిన్న డబ్బా తీసి, గుడ్డు లోపలి పొర ముక్కని తడిపి, పగులు మీద పరిచాడు.

నేను ల్యాప్‌టాప్ పట్టుకుని రాయిలా నిలబడిపోయాను. అందులోంచి మేడం అడిగింది. "ఆ పొర ఎందుకు? జిగురు పెట్టొచ్చుగా?"

"జిగురు బయటికి అందంగా ఉంటుంది. లోపల కొత్తపొరకి అడ్డం," అన్నాడతను ఇంగ్లీషులోనే, తలెత్తకుండా.

ఆవిడ ఇంకోటి అడిగింది. చెప్పాడు. ఇంకోటి అడిగింది. అది తప్పనుకుంటానన్నాడు, ఎందుకు తప్పో కూడా చెప్పాడు. నా చేతులు లాగేస్తున్నా కదల్లేదు. మా ఆవిడ గుమ్మంలో కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. నవ్వో ఏడుపో తెలియలేదు.

నత్తని తడిబట్ట మీద పడుకోబెట్టాక అతను తలెత్తాడు. తెర చూశాడు.

"బావా, ఈవిడ..."

మేడం నవ్వింది. "మొదటి ఉత్తరం నీది కాదని నాకప్పుడే తెలుసు. ఎవరో బట్టలుతికే యంత్రాన్ని అమ్ముతున్నారనుకున్నాను. నవ్వొచ్చి ప్రశ్నలు పంపాను. జవాబులు మాత్రం నత్తల్ని చూసినవాడివే. ఈసారి నువ్వే రాయి. ఈ పెద్దమనిషిని రాయనివ్వకు."

ఆవిడ చెప్పిన ఫెలోషిప్పుకి నత్తబాబే దరఖాస్తు పెట్టాడు. రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. అతని కాలేజీ గురువులిద్దరు సిఫారసులిచ్చారు. వారాలు గడిచాయి. ఎంపిక సంఘం ఇంటర్వ్యూ రోజున, ఎందుకైనా మంచిదని, చేతిలో ఓ నత్తని పెట్టుకుని కూర్చున్నాడు. తడబడకుండా మాట్లాడాడు.

వచ్చింది. ఫీజులు, ప్రయాణం, తిండి, అన్నీ!

నేను టేపు తీసుకుని స్నానాలగది కొలవడానికి బయల్దేరాను.

"ఏం కొలుస్తున్నారు?" అంది మా ఆవిడ.

"అద్దం ఎక్కడ పెట్టాలోనని."

"అద్దం కాదు, గుల్లలు కొలవడం నేర్చుకోండి. ఈ నత్తలు ఎలా కోలుకుంటున్నాయో మేడంగారికి వారంవారం తెలియాలట. వాటిని విమానం ఎక్కించనివ్వరట. ఇక్కడెవరు చూస్తారంటే మా ఆయనున్నారుగా, వాటితో కూర్చోందే ఆయనకి పొద్దుపోదని చెప్పాను. ఆవిడ ఎంత సంతోషించిందో!"

"నన్నడక్కుండానా?"

"మీరు వాణ్ణడిగే ఉత్తరాలు రాశారా?"

నేను టేపు చుట్టేశాను. "అంటే నీకు... మొదట్నుంచీ?"

"ఇంట్లో కంప్యూటరు మీదొక్కరిదేనా? మీ మొదటి ఉత్తరం చదివి వంటగదిలో కూర్చుని నవ్వీ నవ్వీ చచ్చాను."

"మరి ఆపలేదేం?"

ఆవిడ అరలో ఉన్న ఖాళీ డబ్బాని తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"ఆపడం నాకు బాగా వచ్చండీ. ఇన్నాళ్ళూ వాడు 'చూద్దాం' అన్నప్పుడల్లా సరేలే అన్నదాన్ని నేనే. వెళ్ళమని నోటిమాట ఒక్కటి అనలేకపోయాను. మీరు గదికోసమే అనుకోండి, పంపించే పని మొదలెట్టారు. నేను మాట్లాడకుండా ఉండిపోయాను. అంతమాత్రం చెయ్యగలిగాను."

నేను వంటగదిలోకి నడిచాను. దోసకాయ తీసుకుని ముక్కలు కోయడం మొదలుపెట్టాను. ఆవిడ గుడ్డుపెంకులు నూరింది.

నత్తబాబు వెళ్ళిన వారానికి వీధితలుపు ఎవరో తట్టారు. ఎదురింటావిడ. అరచేతిలో ఆకు, ఆకులో చిట్లిన నత్త.

"మెట్ల మీద చూసుకోకుండా కాలేశానమ్మా. నత్తల డాక్టరుగారున్నారా?"

తమ్ముడు లేడని చెబుతుందేమోనని భుజాన తువ్వాలుతో తలుపు చాటునుంచి వింటున్నాను.

"ఉన్నారు, రండి," అంది మా ఆవిడ. లోపలికి తిరిగి నన్ను చూసి, "ఏమండోయ్, ఆ తువ్వాలు అక్కడ పడేసి చొక్కా వేసుకోండి. మీకోసం వచ్చారు."

నేను చొక్కా గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని, కళ్ళజోడు తగిలించుకుని వెళ్ళి చెయ్యి చాపాను.

"ఇలా ఇవ్వండమ్మా," అన్నాను. "ఎప్పుడు జరిగింది?"