కొత్త పుస్తకాలన్నీ చిరిగిన కేసు

"ఈ లోకంలో మనుషులు రెండే రకాలు. ఒకరు నేరస్థులు. రెండోవాళ్ళు, ఇంకా నా కంటబడని నేరస్థులు!"

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి, లైబ్రరీ హాల్లో, పన్నెండు మంది పిల్లల ముందు నిలబడి బావ చేసిన ప్రకటన ఇది. బావది కళ్ళజోళ్ళ షాపు. గిరాకీ లేనప్పుడు డిటెక్టివు. గిరాకీ ఎప్పుడూ ఉండదు కాబట్టి రోజంతా డిటెక్టివే. ఇంతవరకు ఆయన పట్టుకున్నది పక్కింటివాళ్ళ తప్పిపోయిన పిల్లిని ఒక్కదాన్నే. అదీ వేరేవాళ్ళ పిల్లి.

మరదలు తల పట్టుకుంది. అక్కకి ఫోన్ చేసి ఏడవడం ఆమె చేసిన పొరపాటు. ఆ ఫోన్ ఎత్తింది బావ.

"బావా, నాలుగింటికి పెద్ద మేడమ్ వస్తారు. నన్ను కాస్త పని చేసుకోనీ, నీకు పుణ్యముంటుంది."

"నాలుగింటికా? అంటే హంతకుడికి ఇంకా రెండు గంటల టైముంది!"

"ఎవరూ చావలేదు బావా!"

"ఇంకా" అన్నాడు బావ, పిల్లల వంక అదోలా చూస్తూ.

సంగతేమిటంటే, రెండు నెలలుగా మరదలు ఈ హాల్లో ప్రతి శనివారం పిల్లలకి కృత్రిమ మేధ అంటే ఏమిటో చేతులతో చేయించి నేర్పుతోంది. బోర్డు మీద పాఠాలు చెప్పడం ఆమెకి గిట్టదు. లైబ్రరీలో ఏ పుస్తకం బాగుందో, ఏది చిరిగి బైండింగుకి పోవాలో ఫోటో చూసి చెప్పేలా కంప్యూటరుకి మీరే నేర్పండి అని పని అప్పగించింది. పిల్లలు రెండు జట్లయ్యారు. ఒక జట్టు రీడింగ్ బల్ల మీద మంచి పుస్తకాలకి మూడొందల ఫోటోలు తీసింది. రెండో జట్టు బైండరు తాత గదిలో, ఆయన బల్ల మీద, చిరిగినవాటికి మరో మూడొందలు తీసింది. అవన్నీ కంప్యూటరుకి చూపించారు. పక్కన దాచిన కొన్ని ఫోటోలతో కిందటి వారం పరీక్ష పెడితే ఒక్కటి తప్పితే ఒట్టు. పిల్లలు హాలు పైకప్పు లేచిపోయేలా అరిచారు.

ఇవాళ పొద్దున రీడింగ్ బల్ల పైన కెమెరా బిగించి, నిన్ననే వచ్చిన సరికొత్త నిఘంటువు పెట్టారు. తెర మీద "చిరిగింది" అని పడింది. ఇంకోటి పెట్టారు. "చిరిగింది." అట్ట మీద ప్లాస్టిక్ కాగితం కూడా విప్పని పుస్తకం పెట్టినా "చిరిగింది, తొంభై ఏడు శాతం" అంటోంది.

పిల్లల పని చూసి నచ్చితేనే హాలూ కంప్యూటర్లూ వాళ్ళకుంటాయని, లేదంటే వచ్చే వారం నుంచి హాల్లో పాత పత్రికల కట్టలు పెట్టిస్తానని పెద్ద మేడమ్ ముందే చెప్పారు. లైబ్రరీలన్నిటికీ అధికారి ఆవిడ. అన్న మాట మీద నిలబడే మనిషి.

అందరికంటే కుంగిపోయింది మంచి పుస్తకాల జట్టులోని ఎందుకమ్మ. మాటకి ముందు ఒకసారి, మాటకి వెనక ఒకసారి "ఎందుకు" అంటుందని తోటిపిల్లలు పెట్టిన పేరది. ఇవాళ పొద్దుటి నుంచి ఒక్క "ఎందుకు" కూడా అనలేదు. "నేనే ఎక్కడో తప్పు చేశానక్కా" అని మూల కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. ఆ పిల్లని చూస్తుంటే మరదలికి హాలు పోవడం కంటే ఎక్కువ బాధగా ఉంది.

"కంప్యూటరు బుద్ధి చెడగొట్టారు. ఇది లోపలివాళ్ళ పనే" అని బావ కీబోర్డు మీద పౌడరు చల్లాడు.

"అదేంటి బావా!"

"వేలిముద్రలు!"

వేలిముద్రల మాటేమో గానీ, మొదటి వరస పిల్లలంతా వరసగా తుమ్మారు. తుమ్మని ఒక్క కుర్రాణ్ణి బావ పక్కకి పిలిచాడు.

"నువ్వెందుకు తుమ్మలేదు?"

"నాకు జలుబండీ. ముక్కు మూసుకుపోయింది."

"ముందుగానే జలుబు తెచ్చుకున్నాడు. మామూలు బుర్ర కాదు" అని బావ తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఆ తర్వాత కళ్ళు మూసుకుని హాల్లో మూడుసార్లు అటూ ఇటూ నడిచాడు. నాలుగోసారి బీరువాకి గుద్దుకుని ఆగాడు. ఆగిన చోటే ఆలోచన వచ్చింది.

"నేరం వల్ల లాభం ఎవరికి? పుస్తకాలన్నీ చిరిగాయంటే పని ఎవరికి పెరుగుతుంది?"

అందరూ ఒకేసారి గుమ్మం వంక చూశారు. అక్కడ బైండరు తాత జిగురు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నన్నంటున్నావా బాబూ? ఉన్న పుస్తకాలకే చేతులు చాలక చస్తున్నా. కొత్తవాటికి కూడా పని పెట్టుకోవడానికి నాకేం పిచ్చా?" అన్నాడు తాత.

"బావా, ఆయనకి దణ్ణం పెట్టి ఊరుకో" అంది మరదలు, సిగ్గుతో చచ్చిపోతూ.

బావ ఊరుకోలేదు. తాత విసవిసా వెళ్ళిపోతుంటే గోడవారనే నక్కుతూ వెంబడించాడు. దారిలో తాత బల్ల మీంచి, అట్ట ఊడి పేజీలు వేలాడుతున్న ఒక పుస్తకాన్ని సాక్ష్యం కోసం చంకలో పెట్టుకున్నాడు. పెరట్లో దండెం మీద ఏదో పెద్ద ఆకుపచ్చ గుడ్డ ఆరేసి ఉంది. పెద్ద మేడమ్ వస్తారని ఆయమ్మ పొద్దున్నే ఉతికిన రీడింగ్ బల్ల గుడ్డ అది. బావ దాని వెనక దాక్కున్నాడు.

అంతలో ఆయమ్మ చీపురుతో అటే వచ్చింది. తడిగుడ్డ కింద రెండు కాళ్ళు కనిపించాయి.

"దొంగ! దొంగ!"

దొంగని పట్టుకోవడానికే వచ్చిన మనిషి కాబట్టి బావ కూడా "దొంగ! దొంగ!" అని అరుస్తూ పరిగెత్తాడు. దండెం తెగింది. గుడ్డ ఆయన నెత్తికి చుట్టుకుంది. కళ్ళు కనపడక గుమ్మానికి ఓసారి, బీరువాకి మళ్ళీ ఓసారి తగిలి, వెనక ఆయమ్మ చీపురుతో తరుముతుంటే వచ్చి వచ్చి కెమెరా కిందున్న బల్ల మీద బోర్లా పడ్డాడు. తడిగుడ్డ బల్లంతా పరుచుకుంది. దాని మీద, చంకలోంచి జారిన చిరుగుల పుస్తకం పడింది.

తెర మీద పడింది: "బాగుంది, తొంభై ఎనిమిది శాతం."

పేజీలు సగం నేల మీదున్న పుస్తకం బాగుందట!

"ఎందుకు?" అంది ఎందుకమ్మ. మూల కుర్చీలోంచి లేచి వచ్చి, బావని ఒక పక్కకి దొర్లించి, పుస్తకం కింది గుడ్డ లాగేసింది. "చిరిగింది." గుడ్డ మళ్ళీ పెట్టింది. "బాగుంది." పుస్తకాన్నే తీసేసి వట్టి గుడ్డ ఉంచింది. "బాగుంది!"

"అక్కా! ఇది అసలు పుస్తకాన్ని చూడ్డమే లేదు! మంచివన్నీ మేం పచ్చగుడ్డ మీద తీశాం. చిరిగినవన్నీ రెండో జట్టువాళ్ళు తాత గదిలో వట్టి బల్ల మీద తీశారు. పచ్చగుడ్డ ఉంటే మంచిదనీ, వట్టి చెక్క ఉంటే చిరిగిందనీ నేర్చుకుంది. ఇవాళ గుడ్డ ఉతకడానికి పోయింది, అంతే!"

మరదలు నుదురు కొట్టుకుంది. రెండు జట్లకి రెండు బల్లలు పంచింది తనే. తప్పు పిల్లలది కాదు, తనది. సిగ్గేసింది. అంతకు పదింతలు సంతోషమేసింది.

"మరిప్పుడేం చేస్తావు?" అని వెనకనుంచి ఒక గొంతు.

పెద్ద మేడమ్ గుమ్మంలో ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు. ఎందుకమ్మ ఒక్క క్షణం తడబడింది. తర్వాత తలెత్తింది.

"మంచివీ చిరిగినవీ అన్ని బల్లల మీదా పెట్టి మళ్ళీ తియ్యాలండీ. మొత్తం ఆరొందలు. ఐదారు శనివారాలు పడుతుంది."

"పని చేసే యంత్రం చూద్దామని వచ్చాను. ఇది పని చెయ్యడం లేదు" అన్నారు మేడమ్. మేడమ్ వంగి చిరుగుల పుస్తకం తీసి, పేజీలు సర్దారు. "కానీ ఎందుకు చెయ్యడం లేదో చెప్పగలిగే పిల్లలున్నారు. ఇంతకీ ఈ తప్పు కనిపెట్టిందెవరు?"

బావ లేచి నిలబడ్డాడు. కాలరు సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. జీవితమంతా ఎదురుచూసిన ప్రశ్న ఇది. మరదలు కళ్ళు మూసుకుంది. బావ నోరు తెరవబోతూ ఎందుకమ్మ మొహం చూశాడు. ఆ పిల్ల కళ్ళు ఇంకా ఆ కంప్యూటరు మీదే ఉన్నాయి, మళ్ళీ ఏదో అడగాలన్నట్టు.

"ఈ అమ్మాయండీ" అన్నాడు బావ.

మేడమ్ హాలు తాళంచెవి తీసి ఎందుకమ్మ చేతిలో పెట్టారు. "ఆరు కాదు, ఏడాది పొడుగునా శనివారాలు మీవే."

పిల్లల కేకలకి బావ గొంతు ఎవరికీ వినపడలేదు, మరదలికి తప్ప.

"గుడ్డని అరెస్టు చేసింది మాత్రం నేనే. మీ అక్కకి ఆ ముక్క చెప్పు."

"చెప్తాలే బావా" అంది మరదలు, కళ్ళు తుడుచుకుంటూ.