నూరు డిగ్రీల శనివారం

గురువారం పొద్దున ఎనిమిదింటికి పాత ఫ్యాన్ చప్పుడు పోయింది. ఎనిమిదేళ్లుగా కంప్యూటర్ పెట్టెలో రేకును గరిటెతో గీసినట్టు మోగిన ఫ్యాన్, దగ్గినట్టు రెండుసార్లు తిరిగి ఆగిపోయింది. వంటింట్లో ఉన్న మాస్టారు పాలగిన్నెను పొయ్యి మీదే వదిలేసి వచ్చి చూశారు. కాసేపటికి తెర నల్లబడింది. పాలు కూడా పొంగిపోయాయి.

కంప్యూటర్ ఆయన భార్యది. ఆమె బడి గ్రంథాలయంలో పనిచేసేది. పిల్లల కోసం పన్నెండు కథలు రాయాలనుకుని, పదకొండు పూర్తిచేసి, పన్నెండోది సగంలో ఉండగా పోయిన వేసవిలో కన్నుమూసింది. కథలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. శనివారం సాయంత్రం ఐదులోగా అందితేనే బడి వార్షికోత్సవానికి పుస్తకం తయారవుతుందని ప్రెస్సాయన ముందే చెప్పాడు. కంప్యూటర్ల దుకాణదారు డిస్క్ విప్పి వేరే దాంట్లో పెట్టి తీసిస్తానన్నాడు. ఆమె వస్తువును ముక్కలు చేయించడం మాస్టారికి ఇష్టం లేకపోయింది. ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని లాగే కొత్త కూలర్ ఒకటి కొని తెచ్చుకున్నారు.

శనివారం పథకం చాలా మామూలుది. పదింటికి బిగించడం, పదకొండు దాకా పరీక్షించడం, పన్నెండుకి కథలు ప్రెస్సులో ఇవ్వడం, ఒంటిగంటకి భోజనం. ముప్ఫై ఏళ్లుగా ఏడో తరగతికి సైన్సు చెబుతున్న మనిషి కాబట్టి పరీక్షించకుండా దేన్నీ నమ్మరు. పాత మార్కుల రిజిస్టరు తీసి గడులు గీశారు: రూపానికి ఐదు, బిగింపుకి ఐదు, చప్పుడు లేనందుకు ఐదు, చల్లదనానికి పది.

బల్ల మీద కవరులోంచి ఎన్నడూ బయటికి రాని టీవీ రిమోట్‌నూ, ప్లాస్టిక్ పొర ఇంకా అంటుకునే ఉన్న మానిటర్‌నూ పక్కకి జరిపి చోటు చేసుకున్నారు. అది ఆమె పెట్టిన పద్ధతి. కొత్త వస్తువు కొత్తగానే ఉండాలి, దుకాణం నుంచి వచ్చిన కవరు ఎవరూ తీయకూడదు. ఎనిమిదేళ్లలో ఎవరూ తీయలేదు.

ప్రాసెసర్ మీద, వేడిని కూలర్‌కి అందించే పేస్టు రాసి, కూలర్ పెట్టి, నాలుగు స్క్రూలు బిగించి మీట నొక్కారు. తెర మీద వేడి అంకెలు కనబడ్డాయి. డెబ్బై. తొంభై రెండు. నూరు. కంప్యూటర్ ఆరిపోయింది. మాస్టారు రూపానికి ఐదు, చప్పుడుకి ఐదు, చల్లదనానికి సున్నా వేశారు.

ఫోన్ చేస్తే పేస్టు ఎక్కువైందేమోనన్నాడు దుకాణదారు. మాస్టారు అంతా శుభ్రంగా తుడిచి ఈసారి పెసరగింజంత రాశారు. మళ్లీ నూరు. ఈలోగా బావమరిది వచ్చాడు. ఆయన పోయినావిడకి తమ్ముడు, బస్సుల డిపోలో టైర్ల లెక్క చూస్తాడు, ఏ యంత్రమైనా గాలి లేకే పాడవుతుందని గట్టి నమ్మకం.

"గాలాడట్లేదు బావా. కిటికీ దగ్గర పెట్టు," అన్నాడు.

వైరు అందలేదు. అందుకని బల్లే జరిపారు. బల్ల సగం దూరం వచ్చి గోడకీ తలుపుకీ మధ్య ఇరుక్కుంది. తలుపు జానెడు మాత్రమే తెరుచుకుంటోంది, ఇద్దరూ లోపల. ఈడ్చిన చప్పుడుకి కింది వాటా ఫ్రిజ్ మెకానిక్ పైకొచ్చి, ఆ జానెడు సందులోంచి సంగతంతా విన్నాడు. వేడి సంగతి తనకి వదిలేయమన్నాడు. పావుగంటలో, గుడ్డలో చుట్టిన ఐసుగడ్డల మూట సందులోంచి లోపలికొచ్చింది. బావమరిది దాన్ని పెట్టె మీద పెట్టాడు.

తొమ్మిది నిమిషాలు అంతా బాగుంది, ఎందుకంటే ఇంకా మీట నొక్కలేదు. నొక్కబోయేసరికి మూట కారిన నీళ్లు బల్ల అంచు దాకా వచ్చి కింద ప్లగ్గుల పెట్టెలో పడ్డాయి. టప్‌మని మూడంతస్తుల్లోనూ కరెంటు పోయింది. మెట్ల మీద జనం పోగయ్యారు. ఒకావిడ తలకి సబ్బు నురగతోనే వచ్చింది. మాస్టారు సందులోంచి ఒక్కొక్కరికీ విడివిడిగా క్షమాపణ చెప్పారు. కంప్యూటర్‌కి ఏమీ కాలేదు, పెట్టె లోపలికి నీళ్లు వెళ్లలేదు.

మెకానిక్ ఫ్యూజు వేసేసరికి రెండున్నర. మాస్టారికి కోపం రావడం అరుదు. వస్తే ఉత్తరం రాస్తారు. ఆ రోజు ఏడు అంశాలతో రాశారు. ఏడోది ఇది: "ఈ పరికరం అడుగు భాగానికి ఉష్ణాన్ని ప్రసరింపజేసే గుణం లేదని రెండు ప్రయోగాల ద్వారా నిర్ధారించడమైనది." ఉత్తరం సందులోంచి మెకానిక్‌కి, మెకానిక్ నుంచి దుకాణదారుకి చేరింది. దుకాణదారు షట్టరు దించి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని నాలుగింటికి వచ్చాడు. మొహంలో నొచ్చుకున్నట్టు తెలుస్తోంది.

బయటివాళ్లిద్దరూ తోస్తే, లోపలివాళ్లిద్దరూ లాగితే బల్ల కదిలింది. దుకాణదారు కూలర్ విప్పాడు. తిరగేసి, పేస్టు తుడిచి, వెలుతురులో పెట్టి చూశాడు. అడుగున పారదర్శకమైన పొర. దాని మీద ఎర్రని అక్షరాలు: బిగించే ముందు తీసివేయండి.

"ఇది చూశారా మాస్టారూ?"

"చూశాను."

"చదివారా?"

"చదివాను."

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. ప్లాస్టిక్‌లోంచి వేడి సరిగా వెళ్లదని ఆ గదిలో ఉన్నవాళ్లలో ఇద్దరికి చిన్నప్పుడు నేర్పింది ఈ మాస్టారే.

"మరి?" అన్నాడు దుకాణదారు.

మాస్టారు కవరులోని రిమోట్ వంక చూశారు.

"మా ఇంట్లో తీయరు," అన్నారు.

నవ్వబోయిన బావమరిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ చెయ్యి అలాగే ఉంచుకుని కిటికీ వైపు తిరిగాడు. అటే చూస్తూ, "మా పెళ్లికి పెట్టిన సూట్‌కేసు కవరు కూడా అక్క తీయనివ్వలేదు బావా. తాళం వేయడానికి కన్నం చేసుకున్నాం," అన్నాడు.

దుకాణదారు గొంతు తగ్గించాడు. "ఇదొక్కటీ తీయాలండీ. తీయమంటారా?"

మాస్టారు కూలర్ తన చేతిలోకి తీసుకున్నారు. గోటితో అంచు లేపి, చిరగకుండా మెల్లిగా లాగారు. పొర మొత్తంగా ఊడి వచ్చింది. దాన్ని మడిచి రిజిస్టరులో పెట్టుకున్నాక, మళ్లీ పేస్టు రాసి స్క్రూలు బిగించారు.

నలభై ఒకటి. పావుగంటైనా నలభై ఒకటే. చప్పుడు ఎంత లేదంటే, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడటానికి మాస్టారు రెండుసార్లు వంగవలసి వచ్చింది. ఇల్లంతా అలాగే ఉంది.

కథలు నకలు తీసి బావమరిది చేతికిచ్చేసరికి నాలుగూ నలభై. ఆయన ఐదుకి రెండు నిమిషాలుండగా ప్రెస్సు నుంచి ఫోన్ చేశాడు. పన్నెండో కథ సగమే ఉంది, ఏం చేయాలని ప్రెస్సాయన అడుగుతున్నాడట.

"ఉన్నంతవరకు వేయమను. కింద కొంచెం ఖాళీ వదలమను," అన్నారు మాస్టారు.

తర్వాత రిజిస్టరు తెరిచి చల్లదనానికి వేసిన సున్నా కొట్టేసి పది వేశారు. బిగింపు గడి ఒకటే మిగిలింది. అది కూలర్ మార్కు కాదు కాబట్టి, పక్కన తన పేరు రాసుకుని ఐదుకి ఒకటి వేసుకున్నారు. దుకాణదారుకి ఇంకో ఉత్తరం రాశారు, ఈసారి ఒకటే అంశం: క్షమాపణ.

మానిటర్ మీది పొర ఇంకా తీయలేదు.