గోడౌన్‌లో ఉన్న చెక్క

ఆ రోజు జగన్నాథరావు వేసుకున్న పథకం చిన్నదే. పదింటికల్లా మిరియాల బస్తాలు లారీకెక్కించాలి. పన్నెండున్నరకు భోజనం. మూడింటికి విశాఖపట్నం నుంచి వచ్చే రోనాల్డ్ గారికి తుపాకి చూపించాలి.

అరకులో ఇరవై ఏళ్లుగా మిరియాలూ కాఫీ గింజలూ కొని అమ్ముతున్న ఆయన కొట్లో "లేదు" అన్న మాట ఎవరూ విని ఎరగరు. సరుకు లేకపోతే, "గోడౌన్‌లో ఉంది, ఈలోగా ఓ టీ తాగండి" అంటాడు. వచ్చినవాడు గ్లాసు కింద పెట్టేలోగా పక్క కొట్టు నుంచి తెప్పిస్తాడు.

అంతటి వ్యాపారి చేసిన ఒకే ఒక్క నష్టపు బేరం ఆ తుపాకి. నష్టమని ఆయన ఒప్పుకోడు. భార్య రత్నాలు అంటుంది. అది ఒకప్పుడు సైన్యం వాడిన రైఫిలు. గొట్టం కింద కొసదాకా ఉండవలసిన చెక్కను ఎవరో సగానికి కోసి, బరువు తగ్గించి, వేటకు పనికొచ్చేలా మార్చారు. కొండమీది రైతు గాసి తండ్రి, పంట మీద పడే పందులను బెదిరించడానికి లైసెన్సు మీద ఉంచుకున్నాడు. ఆయన పోయాక జగన్నాథరావు తన స్కూటరిచ్చి దాన్ని గాసి దగ్గర తీసుకున్నాడు. లైసెన్సు కోసం ఏడాదిపాటు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. నాలుగేళ్లుగా గాసి ఆ స్కూటరు మీద కొట్టు ముందు నుంచి హారన్ కొట్టుకుంటూ వెళతాడు. అది వినబడ్డప్పుడల్లా రత్నాలు, "అదిగోండి, మీ తుపాకి పేలింది" అంటుంది.

రోనాల్డ్ గారు అటవీశాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ఇలాంటి పాత రైఫిళ్లను సేకరిస్తాడు, వాటి మీద బొమ్మలతో ఒక పుస్తకం రాస్తున్నాడు. అందులో తన తుపాకి బొమ్మ పడితే చాలు, రత్నాలు నోరు మూతపడుతుంది. జగన్నాథరావుకు ఇంకేమీ అక్కర్లేదు.

ఉదయం ఎనిమిదింటికి రోనాల్డ్ గారి దగ్గర నుంచి ఫోనొచ్చింది. "మీరు పంపిన ఫొటోలో వెనక సగమే పడిందండీ. ముందు చెక్క కోసేసే ఉంది కదా? ఆ ముక్క లేదు కదా?"

వంక పెట్టే గిరాకీ గొంతులాగే వినిపించింది జగన్నాథరావుకు. "ఎందుకు లేదండీ, గోడౌన్‌లో ఉంది. మీరొచ్చేసరికి బిగించి ఉంచుతాను" అనేశాడు.

రోనాల్డ్ గారు నీరసంగా, సరే, ఎలాగూ బయల్దేరాను కదా అన్నాడు.

జగన్నాథరావు లారీని గుమాస్తాకు వదిలేసి కొండెక్కాడు. గాసి కాఫీ పళ్లు ఆరబోస్తున్నాడు. సంగతంతా విని, షావుకారు చెమట తుడుచుకునేదాకా ఆగాడు.

"ముక్కా? ఉంది బాబూ. మా అప్ప కనక తలుపుకి గెడగా ఎట్టుకుంది."

గాసి అక్క కనక ఇంటికి వెళితే గెడ లేదు. పోయిన క్రిస్మస్ విందులో పెద్ద డేగిసాలో కూర కలపడానికి బాగుంటుందని చర్చివాళ్లు పట్టుకుపోయారట. అప్పటినుంచి తలుపుకు తాడు కట్టి పడుకుంటున్నానని ఆమె నిష్ఠూరమాడింది. జగన్నాథరావు తన కొట్టు వెనక తలుపుకున్న ఇనుప గెడ ఊడదీయించి ఆమెకు పంపాడు.

చర్చి పెద్ద యేసుపాదం కర్రను చూపించాడు గాని చేతికివ్వలేదు. "ఎల్లుండే మళ్లీ పండగ. సంఘం వస్తువు బాబూ. బదులు ఇంకో తెడ్డిస్తే కమిటీకి నాను సెప్పుకుంటాను."

అంత పొడుగు తెడ్డు అరకు మొత్తమ్మీద ఒక్కటే ఉంది. పార్వతీపురం నుంచి రత్నాలు పుట్టింటివారు ఇచ్చిన టేకు తెడ్డు. ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తుండగా జగన్నాథరావు దాన్ని పాత పేపర్లో చుట్టి, తన ఇంట్లోంచి తానే దొంగలా బయటపడ్డాడు.

రెండింటికి కూర్చుని, తెడ్డిచ్చి తెచ్చుకున్న కర్రను చెక్కాడు, ఫెవికాల్ పూశాడు, పైన బైండింగ్ వైరు చుట్టాడు. కాలు విరిగి కట్టు కట్టించుకున్న మేకలా తయారైంది రైఫిలు. భోజనం మాట ఆయనకు గుర్తే లేదు.

రోనాల్డ్ గారు వచ్చి దాన్ని చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ తరువాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మసాలా వాసనొస్తోందేమిటండీ?"

జగన్నాథరావు వాతావరణం గురించి ఏదో అన్నాడు.

"నాకు కోసిందే కావాలండీ," అన్నాడు రోనాల్డ్ గారు. "ఇలాంటివి దొరికినవాళ్లందరూ ఇలాగే ముక్క అతికించి, మెరుగు పెట్టి పాడుచేస్తారు. కోసింది కోసినట్టున్న దాని కోసం మూడేళ్లుగా వెతుకుతున్నాను. ఈ కోత పాత వర్క్‌షాపు పని. ఆ ముక్క అక్కడే పొయ్యిలోకి పోయి ఉంటుంది. ఇది చింతకర్ర."

ముచ్చట చూడటానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ గాసి వైపు జగన్నాథరావు తిరిగాడు. గాసి నేల చూశాడు.

"అంత దూరం ఎక్కొచ్చి అడిగినారు. లేదంటే ఏటి బావుంటాది? మీ కొట్టుకాడే నేర్సుకున్నాను బాబూ."

అదృష్టం, జిగురు ఇంకా ఆరలేదు. రోనాల్డ్ గారు వైరు విప్పి, తడిగుడ్డతో అరగంటసేపు ఓపికగా తుడిచాడు. భూతద్దం పెట్టి గొట్టం మీద అంకె చదివాడు, తూటాను లోపలికి తోసే బోల్టు మీద అంకె చదివాడు. రెండూ ఒకటే, ఏ భాగమూ మార్చలేదన్నమాట. పాత నల్లపూత ఎక్కడా లేచిపోలేదు, తుప్పు చుక్క లేదు. ఇన్నాళ్లూ దీన్ని ఎవరు కాపాడారని అడిగాడు.

జగన్నాథరావు నోరు తెరిచేలోగా రత్నాలు కాఫీ గ్లాసులతో వచ్చింది. "ఎవులు కాపాడినారు బాబూ. పాత సీరలో సుట్టి ఇనప్పెట్టెలో పడేసి తాళమేసినాను. దాని మీద ఆముదం డబ్బా కారిపోనాది. తుడవడానికి నాకు ఒళ్లొంగలేదు."

"అమ్మా, ఇంతకన్నా బాగా ఎవరూ చెయ్యలేరు," అన్నాడు ఆయన. తుపాకిని ఆ చీర మీదే పెట్టి బొమ్మలు తీసుకున్నాడు. కాపాడినవారు అన్నచోట రత్నాలు పేరు రాసుకున్నాడు. ఒత్తు సరిగా పడిందో లేదో ఆమెకే చూపించి మరీ వెళ్లాడు.

సాయంత్రం గాసి స్కూటరు హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. రత్నాలు తుపాకి మాట ఎత్తలేదు. నాలుగేళ్లలో మొదటిసారి. జగన్నాథరావు బేరం గిట్టుబాటైందనే అనుకుంటూ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏటండీ," అంది ఆమె వంటింట్లోంచి. "మాయమ్మ తెడ్డు కనబడదేటి?"

"గోడౌన్‌లో ఉంది," అన్నాడు జగన్నాథరావు, చెప్పులు వెతుక్కుంటూ. "ఈలోగా ఓ టీ తాగు."