నిద్రదీపం: సీనియారిటీ వరస

మా ఊరి అగ్నిమాపక కేంద్రానికి నిద్రదీపం మంజూరైందని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాము.

దాని అవసరం మా కేంద్రంలో మంటలార్పే నిచ్చెనాయనకు వచ్చింది. నిచ్చెన ఎక్కడంలో దిట్ట కాబట్టి ఆ పేరు. గోదాము తగలబడిననాడు పైకప్పు కూలి, తోటి మనిషి కళ్లెదుటే పోయాడు. అప్పటినుంచీ ఆయనకు కంటిమీద కునుకు లేదు. కాస్త పట్టిందా, కేకేసి లేస్తాడు. డాక్టరుగారు చూసి, "రోజూ తెల్లారగానే అరగంట పగటి వెలుగులాంటి ఈ దీపం ముందు కూర్చోబెట్టండి, నిద్ర దారిలో పడుతుంది. సాయంత్రం మాత్రం వద్దు, ఉన్న నిద్ర కూడా ఊడుతుంది" అన్నారు. ఇంత చిన్న ముక్క ఎవరు మరిచిపోతారు చెప్పండి!

ప్రారంభోత్సవం అదిరిపోయింది. రిబ్బను తెగి దీపం వెలగ్గానే శాఖా మర్యాద ప్రకారం గౌరవ సైరను మోగించారు. నిచ్చెనాయన చటుక్కున బల్ల కిందికి దూరాడు.

"చూశారా! దీపం వెలగ్గానే మనిషిలో ఎంత చురుకొచ్చిందో!" అని పెద్దాఫీసరుగారు మురిసిపోయారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక వాడకం. మా కేంద్రంలో మంచినీళ్లు తాగాలన్నా సీనియారిటీయే. తెల్లారగానే పెద్దాఫీసరుగారు కూర్చున్నారు. తర్వాత చిన్నాఫీసరు, గుమాస్తాలు, డ్రైవర్లు, ఊరికే చూసిపోదామని వచ్చిన డ్రైవరు బావమరిది. పెద్దాఫీసరుగారికి నిద్ర ఎంత బాగా కుదిరిందంటే, మీటింగుల్లో ఆయన గురకనే ఆమోదంగా రాసుకుంటున్నారు. నిచ్చెనాయన వంతు పొద్దుగూకాక వచ్చింది.

వారం తిరక్కుండా ఆయన భార్య పరుగెత్తుకొచ్చింది.

"అయ్యా, ఇదివరకు గంటో గంటన్నరో పడుకునేవాడు. ఇప్పుడు అదీ లేదు. గోడ వంక చూస్తూ కూర్చుంటున్నాడు, నాకు భయమేస్తోంది. పొద్దున్నే కూర్చోబెట్టండయ్యా, మీకు పుణ్యముంటుంది!"

"అయ్యో, తప్పకుండానమ్మా! ప్రమోషన్ రానీ, ముందు వరసలోకి తనే వస్తాడు" అన్నారు పెద్దాఫీసరుగారు.

అయినా పెద్దాఫీసరుగారిది వెన్నలాంటి మనసు. ఊరుకోలేక అత్యవసర సమావేశం పెట్టారు. మనిషికి నిద్ర రాదు, కేంద్రానికి రాత్రి కాపలా మనిషి లేడు. రెండు కష్టాలూ ఒక్క దెబ్బతో తీరాయి. నిచ్చెనాయనకు శాశ్వత రాత్రి డ్యూటీ వేశారు.

ఊరు పొంగిపోయింది. సభ పెట్టి "నిద్ర ఎరుగని వీరుడు" అని బిరుదిచ్చింది. ఆయన భార్య ఒక్కతే చప్పట్లు కొట్టకుండా ఏడుస్తూ కూర్చుంది. కొందరికి ఎంత చేసినా తృప్తి ఉండదు.

ఆయన మేలుకున్నాడన్న ధీమాతో ఇప్పుడు ఊరంతా గుర్రుపెట్టి నిద్రపోతోంది. మీకూ ఆవలింతలు వస్తున్నట్టున్నాయి. పడుకోండి, పడుకోండి.