అయ్యవారి బొటనవేలు

తర్లుపాడు మిషన్ బడి అయ్యవారు సత్యానందం ఆ శనివారం పొద్దున ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. కుడికాలి బొటనవేలి గోరు పక్క కండలోకి దిగి వారం రోజులుగా ప్రాణం తోడేస్తోంది. మధ్యాహ్నంలోగా దాన్ని దారికి తెచ్చుకోవాలి. మధ్యాహ్నం రైల్లో మిషన్ దొరగారు బడి చూడటానికి వస్తున్నారు. నిరుడు ఆయన దయతో ఇచ్చిన పాతబూట్లు తొడుక్కొనే ఎదురువెళ్లాలి. ఆ బూట్లే గోటిని ఇంతకు తెచ్చాయని చెప్పే ధైర్యం అతనికి లేదు. దొరగారికి మనసు నొచ్చితే పుల్లలచెరువుకు మార్చేస్తారు. అక్కడ బిందెడు నీళ్లకు కోసెడు దూరం నడవాలట. ఇప్పటికే ఇద్దరు అయ్యవార్లు అక్కడినుంచి చెప్పాపెట్టకుండా పారిపోయి వచ్చారు.

భార్య దయామణి ఉప్పు వేసి కాచిన నీళ్లు బేసినులో పోసి అతని పాదం అందులో ముంచింది. "కదలబాకండి. గోరు నానినాక దాని కింద దూది దూరుస్తా. పిచ్చమ్మత్త ఇంట్లో దూది ఉంటాది, తెస్తా ఉండండి" అని వెళ్లింది.

అక్కడే వచ్చింది చిక్కు. పిచ్చమ్మ దూదితోపాటు విశ్వాసం అనే సంఘపెద్దను కూడా వెంటబెట్టుకొని వచ్చింది. ఆ పేటలో ఎవరికి తలనొప్పి వచ్చినా ఈ ఇద్దరూ ఇంటికొచ్చి గొంతెత్తి ప్రార్థన చేయందే ఊరుకోరు.

"ఏంది అయ్యవారూ, మాకు కబురైనా చెయ్యకుండా ఇట్ల కూలబడినారు?" అంది పిచ్చమ్మ.

"గోరే, చిన్నమ్మా. ఉత్త గోరు."

"అందరూ మొదట్లో అట్లనే అంటారు. కళ్లు మూసుకోండి."

మూసుకున్నాడు. ప్రార్థన మొదలయ్యాక మధ్యలో నోరెత్తకూడదు. పిచ్చమ్మ బొటనవేలితోనే మొదలుపెట్టింది. కానీ ఒక్క వేలి కోసం ఎంతసేపని అడుగుతుంది? పాదానికి వెళ్లింది, పిక్క దాటింది, మోకాలికి ఎక్కింది. ఆమె ఆమెన్ అనగానే సత్యానందం నోరు తెరిచాడు. విశ్వాసం అప్పటికే అందుకున్నాడు. సంఘపెద్ద అయ్యుండి పిచ్చమ్మ కంటే తక్కువ అడిగితే పరువేం కావాలి? "ప్రభువా, ఒక కాలు తీసుకుంటివి, రెండోదన్నా ఉంచు! ఈ బిడ్డ దయామణి ఒంటరిదైతే ఇంక దిక్కెవరు?" అని వీధి చివరిదాకా వినబడేట్టు ఏడ్చాడు. గోరు సంగతి అందరికంటే బాగా తెలిసిన దయామణి కూడా ఏడ్చింది. చివరికి సత్యానందానికే తన మీద తనకు జాలివేసింది.

సరిగ్గా అప్పుడే జట్కా తోలే మజీద్, దొరగారిని తీసుకురావడానికి గోడ పక్కగా స్టేషనుకు పోతున్నాడు. దొరగారు రైలు దిగగానే, "అయ్యవారి కాలు పోయినాదంట దొరగారూ. మనిషి కూడా దక్కేట్టు లేడు" అని విన్నదంతా అప్పజెప్పాడు.

ఇక్కడ రెండు ప్రార్థనలకూ కలిపి గంటన్నర పట్టింది. అంతసేపు నానిన గోరు మైనంలా మెత్తబడింది. దయామణి ఏడుస్తూనే దూది దూర్చింది. వారం రోజుల నొప్పి చటుక్కున పోయింది. వీధిలో జట్కా చప్పుడు వినగానే సత్యానందం బూట్ల మాటే మరిచి బయటికి పరుగెత్తాడు.

దొరగారు టోపీ తీసి, బైబిలు గుండెకు హత్తుకొని, తడికళ్లతో దిగుతున్నారు. పరుగెత్తుకొచ్చే రెండు కాళ్లనూ చూశారు. ఇంకోసారి చూసి అక్కడే మోకాళ్ల మీద పడ్డారు.

"ఏ కాలు, సత్యానందం?"

"కుడిదండీ. కానీ అది ఉత్త గోరే..."

"నీ వినయము నేనెరుగుదును!" దొరగారు చెయ్యెత్తి ఆపారు. "నిన్ను ఇచ్చటనే ఉంచవలెనని నిశ్చయించి వచ్చితిని. కాని ఇంతటి విశ్వాసమును, ఇట్టి కాళ్లును పుల్లలచెరువుకే అవసరము. సోమవారము బయలుదేరుము."

సత్యానందం అరుగు మీద కూలబడ్డాడు. చూపించి బతిమాలుకుందామంటే కుంటికాలు కూడా మిగల్లేదు.

పిచ్చమ్మ దగ్గరికి వచ్చి, "దిగులుపడబాకండి అయ్యవారూ. ఆ ఊరి నీళ్ల కోసం మేమంతా ప్రార్థన చేస్తాం గదా" అంది.

"చిన్నది చెయ్యి చిన్నమ్మా" అన్నాడు సత్యానందం. "ఒక్క బిందెడు చాలు."