టేకాకుకు మిగిలిన చందాదారు

ఒక పెద్ద అడవిలో ఒక పెద్దపులి ఉండేది. ఆ పులికి ఒక పెద్ద ఆఫీసు ఉండేది. ఆ ఆఫీసులో పని మాత్రం చిన్నది కూడా జరిగేది కాదు. అయినా రోజూ పొద్దున్నే రామచిలకలు ఇప్పచెట్టు మీద బారుగా కూచుని "అడవి సుభిక్షం, వాగు నిండుగా ఉంది" అని రాజవాణి వినిపించేవి.

ఆ రాజవాణిలో సుభాషిణి అనే తీతువు పిట్ట కూడా కొన్నాళ్లు ఉద్యోగం చేసింది. తీతువు గొంతంటే అందరికీ హడల్. అది అరిస్తే కీడు జరుగుతుందని నమ్మకం. నిజానికి కీడు కనిపిస్తేనే అది అరుస్తుంది. ఈ రెంటికీ తేడా ఏమిటో ఆ అడవిలో ఎవరూ బుర్ర పెట్టి ఆలోచించలేదు. ఒక వేసవిలో వాగు అడుగంటుతుంటే, సుభిక్షం అని పలకాల్సిన సమయానికి ఈవిడ "నీళ్లు తగ్గాయి, నీళ్లు తగ్గాయి" అని అరిచింది. ఆ మధ్యాహ్నమే ఉద్యోగం పోయింది.

అలాగని సుభాషిణి నోరు మూసుకుని కూచోలేదు. లేత టేకాకును ముక్కుతో పొడిస్తే ఎర్రగా మరక పడుతుంది. ఆ మరకలతోనే వార్తలు రాసి ‘టేకాకు’ అని సొంత పత్రిక పెట్టింది. తీతువు నేల మీద తిరిగే పిట్టే కానీ కొమ్మల మీద వాలేది కాదు. అందుకని ఆకులు కోసివ్వడానికీ, గూడు గూడుకీ తిరిగి పంచడానికీ చారలమ్మ అనే ముసలి ఉడుత కుదిరింది.

"రాజావారి దగ్గర చేయి చాపను, ప్రకటనలు వేయను. చదివేవాళ్లే నన్ను పోషించాలి" అని మొదటి ఆకులోనే రాసుకుంది సుభాషిణి. చందా వారానికి ఒక గుప్పెడు చెదపురుగులు. పురుగులు ఏరుకుంటూ కూచుంటే రాయడం కుదరదు, రాస్తూ కూచుంటే ఏరుకోవడం కుదరదు. స్వతంత్ర పత్రిక వెనక ఉన్న ఆర్థిక శాస్త్రమంతా ఇంతే.

తవ్వడం చేతకాని రాబందుల కంపెనీకి రాజావారి గుహకు రెండో ద్వారం తవ్వే కాంట్రాక్టు ఎలా దక్కిందో రాసింది. అడవి ఊగిపోయింది. అడవిపంది వరహాలయ్య మోర ఎత్తి "నువ్వు రాయమ్మా, మేమున్నాం!" అన్నాడు. జింకల సంఘం అధ్యక్షుడు హరిణేశ్వర్రావు సన్మానం చేసి మెడలో గడ్డిదండ వేశాడు. ఏనుగుల పెద్ద గజలక్ష్మమ్మ అయితే చెదపుట్టను ఒక్క తన్ను తన్ని కూలదోసి "తీసుకో తల్లీ, నెల గడుస్తుంది" అంది. కొండముచ్చు కొండలరావు మాత్రం ఎవరు ఆకు విప్పినా వాళ్ల పై కొమ్మ మీద కూచుని పూర్తిగా చదివేసి, రెండో పేజీలో లోతు తగ్గిందని సలహా ఇచ్చేవాడు. ఆయన చందా కట్టిన పాపాన పోలేదు.

పులి ఆఫీసు ఊరుకుంటుందా? టేకాకు పొడవకూడదని ఉత్తర్వు వేశారు. చందాదార్లు పెరిగారు. తీతువు అరుపు అశుభమని చిలకల చేత చెప్పించారు. ఇంకా పెరిగారు.

పులికి సమాచార సలహాదారు ఒకాయన ఉన్నాడు. నక్క జంబులింగం. అప్పటికే ఆయన ఆఫీసు పేరు మీద టేకాకుకు ఒక చందా కట్టించాడు. "పొద్దున్నే రాజావారి ముందు ఒక ఆకు ఉండాలి. ఏం కూస్తోందో మనకు తెలియాలి కదా" అని. చందా కింద రాజావారు నాకి పారేసిన ఎముకలూ, వాటికి పట్టిన చీమలూ వచ్చేవి.

ఆ గుహ దగ్గరికి వెళ్లాలంటే చారలమ్మకు భయం. "వాళ్లకెందుకమ్మా ఆకు? మానేద్దాం" అంది.

"చందా కట్టినవాడు పాఠకుడు చారలక్కా. పాఠకుడికి ఆకు వెళ్లాల్సిందే" అంది సుభాషిణి.

ఒకరోజు పులి టేకాకును పంజా కింద నలిపి "దీనికి వార్తలు దొరక్కుండా చేసే దారి లేదా?" అని గుర్రుమంది.

"తప్పు దొరా! వార్తలు మనమే ఇద్దాం" అన్నాడు జంబులింగం. "అబద్ధం ఒక్కటి కూడా వద్దు, అన్నీ నిజాలే ఇద్దాం. కాకపోతే మీ నిజాలు కాదు. దాని పాఠకులవి."

పులికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మీసాలు ఊగేలా నవ్వింది.

మర్నాడు సుభాషిణి ఇసుకలో కూచుని రాసుకుంటుంటే పక్కనున్న పొద మాట్లాడింది. "నా పేరు అడక్కు. కుందేలు పిల్లల కోసం ఉంచిన దుంపల తోట ఎవరు తవ్వేస్తున్నారో వెళ్లి చూసుకో." పొద చివర గుబురు తోక ఒకటి ఊగుతూనే ఉంది. సుభాషిణి దాన్ని చూసింది. చూసి కూడా వార్త నిజమా కాదా తేల్చుకోవడమే తన పని అనుకుని తోటకు వెళ్లింది. తోటంతా గోతులు. గోతుల్లో వరహాలయ్య మోర గుర్తులు.

టేకాకుకు ఒక నియమం ఉంది. ఎవరి గురించి రాసినా ముందు వాళ్ల వివరణ అడగాలి. సుభాషిణి వెళ్లి అడిగింది.

"నేనేమన్నా దొంగతనంగా తవ్వానా?" అని లేచాడు వరహాలయ్య. "ఆఫీసు అనుమతి ఉంది. గోతుల్లోంచి బయటపడే పందికొక్కులన్నీ జంబులింగం గారికి ఇచ్చుకుంటున్నా. కావాలంటే ఆయన్నే అడుగు!"

ఒక్క నోటి మాట కాబట్టి జంబులింగం సంగతి పక్కన పెట్టి, తోట సంగతి రాసింది. ఆకు అందిన గంటకు వరహాలయ్య వచ్చి ఆమె చుట్టూ దుమ్ము లేపాడు. "పత్రికా స్వేచ్ఛకు నేను ప్రాణమిస్తాను. కానీ ఇది స్వేచ్ఛ కాదు, కక్ష!" చందా మానేశాడు.

పొద మళ్లీ మాట్లాడింది. ఈసారి జింకల సంఘం. పులి తన మంద వైపు రాకుండా, పక్క మంద ఎక్కడ మేస్తోందో హరిణేశ్వర్రావు ముందురోజే గుహకు కబురు పెడుతున్నాడు. పక్క మంద తల్లులను అడిగి, రాలిన గిట్టలు చూసి, కళ్లనీళ్లు పెట్టుకుని వచ్చింది సుభాషిణి. వివరణ అడిగితే హరిణేశ్వర్రావు తల దించుకున్నాడు. "కబురు నేను మోయలేదమ్మా. జంబులింగం గారే మోసేవారు. అందుకని వేటలో ఒక లేడిపిల్లను రాజావారి కన్నా ముందే ఆయన తీసుకునేవారు." అది కూడా పక్కన పెట్టి, సంఘం సంగతి రాసింది. జింకలన్నీ చందా మానేశాయి. తమను చంపించినవాడి మీద వాటికి కోపం రాలేదు. పరువు తీసిన పిట్ట మీద వచ్చింది.

మూడోసారి పొద గజలక్ష్మమ్మ పేరు చెప్పింది. వాగు పైన, ఎవరూ వెళ్లని మలుపు దగ్గర, గజలక్ష్మమ్మ దుంగలు అడ్డం వేసి తన స్నానానికి కొలను కట్టుకుంది. కింద వాగు ఎండిపోవడానికి కారణం అదే. ఏ వార్త అరిచినందుకు తన ఉద్యోగం పోయిందో, ఆ వార్తలో సగం ఇన్నాళ్లూ తనకే తెలియదు. ఆ దుంగలు నెట్టిన కాళ్లే తన కోసం చెదపుట్టలు తన్నాయి.

"అది రాస్తే మనిద్దరం ఆకులు నమలాల్సిందే" అంది చారలమ్మ. "ఆ తల్లి లేకపోతే మనం లేం."

సుభాషిణికి భయమేసింది. గజలక్ష్మమ్మంటే ఆమెకు నిజంగానే ఇష్టం. అయినా వెళ్లింది.

ఏనుగమ్మ కొలనులో పడుకుని తొండంతో నీళ్లు చిమ్ముకుంటోంది. "ఎవరు చెప్పారో నేను అడగను" అంది నెమ్మదిగా. "నిజమే. రాయొద్దని కూడా అనను. నేను అలాంటిదాన్ని కాదు. ఈ ఎండలు వెళ్లాక రాయి తల్లీ."

"ఎండలు వెళ్లాక నీళ్లు ఎవరికి కావాలి పెద్దమ్మా?"

ఏనుగమ్మ నీళ్లు చిమ్ముకోవడం ఆపేసింది. తర్వాత "అనుమతి ఇచ్చింది జంబులింగం" అంది. "ఎండిన వాగులో బయటపడిన ఎండ్రకాయలన్నీ ఆయనకే. అది కూడా రాసుకో." కళ్లు మూసుకుంది.

సుభాషిణి కొలను సంగతి రాసింది. ఇక చెదపుట్ట కూలలేదు. తమ పేరు వచ్చినవాళ్లు కోపంతో మానేస్తే, రానివాళ్లు రేపు వస్తుందేమోనని మానేశారు. కొండలరావు వచ్చి, కట్టని చందాను నిరసనగా ఉపసంహరించుకుంటున్నానని ప్రకటించి వెళ్లాడు.

రోజులు ఆకలిగా గడిచాయి. ఒక సాయంత్రం జంబులింగం తానే వచ్చాడు. పొదలోంచి కాదు, దారి మీద నుంచే.

"ఏమ్మా సుభాషిణీ, చిక్కిపోయావు" అన్నాడు. "రాజవాణిలో నీ కొమ్మ ఇంకా ఖాళీగానే ఉంది. రేపొద్దున్న వచ్చి ‘సుభిక్షం’ అను చాలు. కడుపు నిండా తిండి."

రాజవాణిలో ఆ కొమ్మ మీద పట్టు దొరక్క ఎన్నిసార్లు జారి పడిందో సుభాషిణికి గుర్తొచ్చింది. వాగు అడుగంటుతుంటే ‘సుభిక్షం’ అనమన్నది కూడా గుర్తొచ్చింది. కడుపులో ఆకలి మాత్రం వెళ్లమనే చెబుతోంది. కాసేపు ఇసుకలో కాలితో గీతలు గీసింది.

"రేపటి ఆకు ఒకటి బాకీ ఉందండీ" అంది చివరికి. "అది మీ గురించే. పందికొక్కులు, లేడిపిల్లలు, ఎండ్రకాయలు. ముగ్గురు విడివిడిగా మీ పేరే చెప్పారు. మీ వివరణ కావాలి."

జంబులింగం పొట్ట పట్టుకుని నవ్వాడు. "అన్నీ నిజమే, రాసుకో! ఎంత బాగా కావాలంటే అంత బాగా రాసుకో! చదవడానికి ఎవరున్నారే నీకు?"

సుభాషిణి ఆ మాట కూడా ఉన్నదున్నట్టు రాసుకుంది.

తెల్లారి ఆకు తయారైంది. అది ఒక్కటే ఆకు. పొద సంగతి మాత్రం అందులో లేదు. వార్త ఇచ్చినవాళ్ల పేరు బయట పెట్టకూడదన్నది టేకాకు రెండో నియమం.

చారలమ్మ ఆకు చుట్టి పట్టుకుని నిలబడిపోయింది. "ఎవరికి ఇవ్వనమ్మా? అందరూ మానేశారుగా."

"అందరూ కాదు" అంది సుభాషిణి. "ఆఫీసు చందా ఇంకా నడుస్తోంది."

పులి మామూలుగానే పొద్దున్నే ఆకు విప్పింది. అలవాటైన ప్రాణం మరి. పక్కన అందరూ బాగుందనేవాళ్లే కాబట్టి అడవిలో నిజంగా ఏం జరుగుతోందో దానికి తెలిసేది టేకాకులోనే. దుంపల సంగతి చదివి ఆవలించింది. వాగు సంగతి చదివి తోకతో ఈగలు తోలుకుంది. లేడిపిల్లల వరుస దగ్గర ఆగింది. మళ్లీ చదివింది.

"జంబులింగం" అని పిలిచింది. "నా కన్నా ముందా?"

జంబులింగం ఆకు చూశాడు. తన సలహాతో, తన సంతకంతో, తానే కట్టించిన చందా ఆకు అది. చదవడానికి ఎవరున్నారన్న తన మాట చివరి వరుసలో ఎర్రగా మెరుస్తోంది. పారిపోవడానికి గుహకు రెండో ద్వారం ఉంటే బాగుండేది. దాన్ని తవ్వే కాంట్రాక్టు రాబందులకు ఇప్పించింది కూడా ఆయనే.

ఆ రోజు గుహలోకి వెళ్లిన జంబులింగం మళ్లీ బయటికి రాలేదు.

సాయంత్రం పులి తానే నడిచి వచ్చింది. "పిట్టా, బాగా రాశావు. ఇకమీదట టేకాకుకు చందాదారుగా నేనొక్కణ్ణే చాలు. చచ్చేదాకా పోషిస్తా" అంది.

సుభాషిణి పులి పంజాకు అందనంత ఎత్తులో చక్కర్లు కొడుతూ అడిగింది: "సమాచార సలహాదారును విచారణ లేకుండా భోంచేశారని వార్త వచ్చిందండీ. తమ వివరణ?"

పులి త్రేన్చింది. సుభాషిణి దాన్ని వివరణగా రాసుకుంది.

మర్నాడు పులి గుహ బయట చెట్టు కింద ఆకు విప్పేసరికి అదే మొదటి వార్త. ఆకు ముక్కలు ముక్కలు చేసి, ఆ క్షణమే చందా రద్దు చేసింది. పాపం, టేకాకుకు ఒక్క చందాదారు కూడా మిగల్లేదు. కానీ పై కొమ్మ మీద కొండలరావు ఉన్నాడు. పులి చించేలోపే ఆయన చదివేశాడు. మధ్యాహ్నానికి అడవంతా తెలిసిపోయింది.

ముందుగా వరహాలయ్య వచ్చాడు, మోర నిండా చెదపురుగులతో. "స్వతంత్ర పత్రికంటే ఇదమ్మా! ఇలా రాయాలి!" వెనకే హరిణేశ్వర్రావు, చేతిలో కొత్త గడ్డిదండ. దూరంగా ధడేలుమని చెదపుట్ట కూలిన చప్పుడు వినిపించింది.

"తీసుకోనా?" అని అడిగింది చారలమ్మ.

"తీసుకో. ఆకలిగా ఉంది" అంది సుభాషిణి. కడుపారా తిన్నది. తిన్నాక లేత టేకాకు ఒకటి ముందుకు లాక్కుని రేపటి మొదటి వరుస పొడిచింది: "వాగు మీద కట్ట ఇంకా అలాగే ఉంది."

కథన్నాక నీతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: ఏ సంచికైనా మీకు తెగ నచ్చిందంటే, అందులో మీ పేరు రాలేదన్నమాట.